తండ్రీ కొడుకులు చెరొక పక్షం: అమెరికా స్వాతంత్ర్య సమరంలో రాజభక్తుల కథ

ఉగాది సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇమ్మని సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, శాతవాహనులను గురించో కృష్ణరాయలను గురించో వ్రాస్తామని వారు అనుకొని ఉంటారు. అవి వ్రాయదగిన పండితులు మన సంఘంలోనే ఉన్నారు. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకొంటున్నవాళ్ళం. డ్యూటీ లేని పూట ఇన్‌స్టిట్యూటు లైబ్రరీలో కూర్చొని చేతికి అందిన పుస్తకం చదువుకోవడం మా అలవాటు. అట్లా చదివినవాటిలో మా మనస్సును పట్టుకొని విడువనిది అమెరికా స్వాతంత్ర్య సమరం కథ. అందులోనూ ఓడిపోయిన వారి కథ.

ఎందుకు పట్టుకొన్నదో ముందుగా చెప్పుకొంటాము. మన ఇళ్ళలో పెద్దలు 'మన ఊరు' అంటూ ఉంటారు. మా ఇంట్లో ఆ మాటకు అర్థం శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లె. మా నాన్నగారు అక్కడ పుట్టలేదు. మేము ఆ ఊరు చూచినది రెండే రెండుసార్లు; ఒకటి పెండ్లికి, ఒకటి కర్మకు. అయినా 'ఊరికి పోవడం' అంటే ఇప్పటికీ అక్కడికే. రెండు వందల యాభై ఏండ్ల క్రిందట అమెరికాలో స్థిరపడిన ఇంగ్లీషువారు కూడా సరిగా ఇట్లాగే ఇంగ్లండును 'హోము' అనేవారట. అంటే ఇల్లు. బోస్టనులో పుట్టి, బోస్టనులో పెరిగి, ఓడ ఎక్కి ఎరుగనివాడు కూడా ఇంగ్లండు నుంచి ఉత్తరం వస్తే ఇంటి నుంచి వచ్చినదనే చెప్పుకొనేవాడు. అటువంటివారిని ఒకనాడు, "నీ ఇల్లు ఏది? ఇప్పుడే తేల్చి చెప్పు" అని నిలవేస్తే ఏమవుతుంది? ఈ వ్యాసానికి విషయం అదే.

అమెరికా తూర్పు తీరాన నాడు 13 వలసలు ఉండేవి. 1776 నాటికి జనం సుమారు 25 లక్షలు. అందులో సుమారు 5 లక్షల మంది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలూ వారి సంతతీ. 1756 నుంచి 1763 వరకు ఇంగ్లండు ఫ్రాన్సుతో యుద్ధం చేసి గెలిచినది గాని అప్పులపాలైనది. ఆ భారంలో కొంత అమెరికా వారిపై వేయాలని 1765లో స్టాంపు చట్టం చేసినారు. పత్రాలకూ పత్రికలకూ, ఆఖరుకు పేకలకు కూడా స్టాంపు పన్ను. "మా ప్రతినిధులు లేని పార్లమెంటు మాపై పన్ను ఎట్లా వేస్తుంది?" అని అక్కడివారు ఎదురు తిరిగినారు. మరుసటి ఏడు ఆ చట్టం రద్దయినది, తరువాత వేరే పన్నులు వచ్చినవి. 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టను రేవులో 342 తేయాకు పెట్టెలను సముద్రంలో పారబోసిన కథ మన పిల్లల పాఠాలలో కూడా ఉన్నది. ఆ తేయాకు మరెవరిదో కాదు, మన దేశాన్ని ఏలిన ఈస్టిండియా కంపెనీది. 1775 ఏప్రిల్‌లో తుపాకులు పేలినవి. 1776 జూలైలో స్వాతంత్ర్య ప్రకటన. 1783లో సంధి. ఇంతవరకు అందరికీ తెలిసినదే.

ఆ 13 వలసలలోని వారందరూ స్వాతంత్ర్యం కోరలేదన్నది అంతగా తెలియదు. తెల్లవారిలో ఇంచుమించు ఐదింట ఒక వంతు రాజు పక్షాన నిలిచినారని చరిత్రకారుల అంచనా. మూడింట ఒక వంతు అని జాన్ ఆడమ్స్ చెప్పినట్లు కొన్ని పుస్తకాలలో కనబడుతుంది గాని, ఆయన ఆ మాట వ్రాసినది ఫ్రెంచి విప్లవాన్ని గురించి అమెరికా వారి అభిప్రాయాలను చెబుతూనట. ఒకరి పుస్తకం చూచి మరొకరు ఎక్కించుకొంటూ పోవడం మన ఆఫీసు రిజిస్టర్లలోనే కాదన్నమాట. ఏమైనా ఎటూ చెప్పక తలుపులు వేసుకొని కూర్చొన్నవారు ఈ రెండు పక్షాలకూ తక్కువేమీ కాదు. స్వాతంత్ర్యం కోరినవారు తమను దేశభక్తులమన్నారు. రాజు వైపు నిలిచినవారు తమను విశ్వాసపాత్రులమన్నారు. ఒకరిని ఒకరు అన్న మాటలు మాత్రం ఒకటే: ద్రోహులు.

ఇక తండ్రీ కొడుకుల సంగతి.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు వినని చదువరి ఉండడు. ఉరుములలో గాలిపటం ఎగరవేసి మెరుపులో ఉన్నది విద్యుత్తే అని నిరూపించినవాడు. బొమ్మలలో ఆయన పక్కన ఒక చిన్న పిల్లవాడిని వేస్తారు. ఆ బొమ్మ తప్పు. 1752లో ఆ ప్రయోగానికి సాయపడిన కొడుకు విలియం అప్పటికే ఇరవై దాటిన యువకుడు. విలియం ఆయనకు పెండ్లి కాని సంబంధంలో కలిగిన బిడ్డ. అయినా ఇంట్లోనే పెట్టుకొని, ఏ లోటూ రానీయకుండా పెంచినాడు. తాను తపాలా శాఖలో పెద్ద అధికారి కాబట్టి కొడుకుకు ఫిలడెల్ఫియాలో పోస్టుమాస్టరు ఉద్యోగం ఇప్పించినాడు. 1757లో తనతోపాటు లండనుకు తీసుకొనిపోయి లా చదివించినాడు. 1762లో రాజు విలియంను న్యూజెర్సీ వలసకు గవర్నరుగా నియమించినాడు. అచ్చాఫీసులో అక్షరాలు కూర్చి పైకి వచ్చిన తండ్రికి అంతకంటె ఏమి కావాలి!

తండ్రి లండనులోనే ఉండి వలసల తరఫున వకాల్తా నడుపుతూ వచ్చినాడు. ఆయన మొదటి నుంచి తిరుగుబాటుదారు కాడు. ఇంగ్లండు సామ్రాజ్యం ముక్కలు కాకూడదనే చాలాకాలం పాటుపడినాడు. అయితే మసాచుసెట్స్ గవర్నరు హచిన్‌సన్ లండనుకు వ్రాసిన కొన్ని ఉత్తరాలు ఆయన చేతికి చిక్కి, ఆయన ద్వారా బోస్టను చేరి, 1773లో అచ్చుకెక్కినవి. 1774 జనవరిలో ప్రీవీ కౌన్సిలు ఎదుట ఆయనను నిలబెట్టి సర్కారు వకీలు గంటసేపు నోటికి వచ్చినట్లు తిట్టినాడు. అరువై ఎనిమిదేండ్ల మనిషి మారు పలుకక నిలబడినాడు. వెంటనే తపాలా ఉద్యోగం ఊడినది. ఒక మనిషి రాజభక్తి ఎక్కడ విరిగినదో ఇంత స్పష్టంగా చరిత్రలో అరుదుగా తెలుస్తుంది.

కొడుకు కూడా ఉద్యోగం వదులుకొంటాడని తండ్రి ఎదురు చూచినాడు. కొడుకు వదలలేదు. 1775లో తండ్రి అమెరికాకు తిరిగి వచ్చిన తరువాత జోసఫ్ గాలోవే అనే పాత మిత్రుని ఇంట ముగ్గురూ కూర్చొని మాట్లాడుకొన్నారు. ఈ గాలోవే సామాన్యుడు కాడు. 1774లో మొదటి కాంగ్రెసులో, అమెరికాకు ఒక ప్రత్యేక సభ ఉండాలి గాని రాజుతో సంబంధం తెగకూడదని ఒక పథకం పెట్టి, ఒకే ఒక్క వలస ఓటు తేడాతో ఓడినవాడు. ఆ ఇంట తండ్రి తాను స్వాతంత్ర్యం పక్షమని తేల్చి చెప్పినాడు. తక్కిన ఇద్దరూ ఒప్పుకోలేదు.

విలియం లంచగొండి కాడు, క్రూరుడు కాడు. గవర్నరుగా మంచి పేరు తెచ్చుకొన్నవాడే. ప్రమాణం చేసి పుచ్చుకొన్న ఉద్యోగం, దానికి కట్టుబడడం ధర్మమని అనుకొన్నాడు. ఉప్పు తిన్న ఇల్లు అని మనవాళ్ళు అనేది ఇటువంటి దానినే గదా. 1776 జూన్‌లో న్యూజెర్సీ వారు ఆయనను నిర్బంధించి కనెక్టికట్‌కు పంపినారు. అదే నెలలో స్వాతంత్ర్య ప్రకటన తయారు చేయడానికి వేసిన ఐదుగురి సంఘంలో తండ్రి ఒకడు. నిర్బంధంలో ఉండి కూడా విలియం రాజు తరఫున క్షమాపణ పత్రాలు పంచుతున్నాడని తెలిసి, 1777లో లిచ్‌ఫీల్డు జైలులో ఒంటరి కొట్టులో పెట్టినారు. ఆ ఏడే న్యూయార్కులో ఆయన భార్య ఎలిజబెత్ జబ్బుపడినది. ఒక్కసారి చూచివస్తానని ఆయన వాషింగ్టన్‌కు అర్జీ పెట్టుకొన్నాడు. వాషింగ్టన్ జాలిపడి కాంగ్రెసుకు పంపినాడు. కాంగ్రెసు వారు వీలులేదన్నారు. ఆమె మొగుడిని చూడకుండానే పోయినది. అప్పుడు ఫ్రాంక్లిన్ పారిస్‌లో అమెరికా రాయబారి. కొడుకు విడుదలకు ఆయన పూనుకోలేదు. విలియం కొడుకు టెంపుల్ తాతగారి దగ్గర, పారిస్‌లో కార్యదర్శిగా పనిచేస్తున్నాడు! ఈ ఇంటి గొడవలో మనుమడు ఎవరి పక్షమో తాతగారే నిర్ణయించినారు.

రాజు వైపు నిలిచినవారందరూ ఉద్యోగాలకోసం నిలిచినవారేనా? చాలాకాలం అట్లాగే చెప్పుకొన్నారు. గవర్నర్లు, కస్టమ్సు అధికారులు, ఆంగ్లికన్ పాదిరీలు, ఇంగ్లండుతో వ్యాపారం చేసే షావుకార్లు ఉన్న మాట నిజమే. కాని కథ అంతటితో తీరదు. హడ్సన్ నది ఒడ్డున లివింగ్‌స్టన్ వారి జమీలో కౌలు రైతులు చాలామంది రాజు పక్షం. ఎందుకంటే వారి జమీందారు స్వాతంత్ర్య పక్షం. జమీందారు ఎటు ఉంటే అటు కాకుండా ఉంటే భూమి తమది కావచ్చునని వారి ఆశ. కరొలైనాలలో లోపలి జిల్లాలవారికి తీరపు దొరల మీద పాత కక్ష ఉండేది. ఆ దొరలు స్వాతంత్ర్యం అనగానే వీరిలో పలువురికి రాజే మేలనిపించినాడు. తక్కువ సంఖ్యలో ఉన్న జాతులకూ మతాలకూ పక్కనున్న అధిక సంఖ్యాకులకంటె మూడు వేల మైళ్ళ దూరాన ఉన్న రాజు నయమని తోచడం చాలాచోట్ల కనబడుతుంది. పరాయి ప్రాంతంలో నాలుగు తరాలు కాపురమున్న మనకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు.

స్కాట్లండు కొండజాతివారిది మరీ విచిత్రం. 1746లో ఇంగ్లండు రాజు మీద తిరుగుబాటు చేసి ఓడిన యువరాజు చార్లెస్‌ను ఆడవేషం వేసి పడవలో దాటించిన వీరవనిత ఫ్లోరా మక్డోనాల్డ్. ఆమె 1774లో నార్త్ కరొలైనాకు వలస వచ్చినది. రెండేండ్లు తిరగకుండానే ఆమె భర్త అదే రాజవంశం తరఫున, 1776 ఫిబ్రవరిలో, మూర్స్ క్రీకు వంతెన దగ్గర పోరాడి పట్టుబడినాడు. ఒకసారి తిరగబడి దెబ్బతిన్నవారు రెండవసారి తిరగబడడానికి జంకినారని కొందరు, చేసిన ప్రమాణం తప్పలేదని కొందరు అంటారు. రెండూ నిజమే కావచ్చు.

1947లో దేశం విడిపోయినప్పుడు రైల్వే ఉద్యోగులను ఏ దేశంలో పనిచేస్తారో ఎంచుకొమ్మని అడిగి వ్రాయించుకొన్నారు. దాని వెనుక ఎంత దుఃఖమున్నా, కనీసం ఒక కాగితం, ఒక సంతకం ఉండేది. అమెరికాలో కాగితం కూడా వచ్చినది గాని వేరే విధంగా: 'కొత్త ప్రభుత్వానికి విశ్వాసంగా ఉంటాను' అని ప్రమాణం. చేయనివాడికి ఓటు లేదు, కోర్టులో దావా లేదు, కొన్నిచోట్ల ఉద్యోగమూ లేదు. కొందరికి ఒంటిమీద తారు పోసి ఈకలు అంటించి ఊరేగించినారు. ఆస్తులు జప్తు చేసి వేలం వేసినారు. రాజు పక్షం వారు చేతికి దొరికినచోట తక్కువ తినలేదు. ఇండ్లు తగులబెట్టినారు, ఖైదీలను ఉరితీసినారు. 1778లో ఖైదీల మార్పిడిలో విడుదలైన విలియం న్యూయార్కు చేరి రాజభక్తుల దండులు నడిపించినాడు. 1782లో ఆ దండువారు జాషువా హడీ అనే పట్టుబడిన కెప్టెనును ఉరితీసినారు. ఆ మచ్చ విలియంకు అంటినది.

గాలోవే భార్య గ్రేస్ కథ చదివినప్పుడు మాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. 1778లో ఇంగ్లీషు సైన్యం ఫిలడెల్ఫియా వదలిపోతుంటే గాలోవే కూతురిని తీసుకొని వారితో వెళ్ళిపోయినాడు. గ్రేస్ వెళ్ళలేదు. తన తండ్రి ఇచ్చిన ఆస్తి తాను అక్కడే ఉంటే కూతురికి దక్కుతుందని ఆశ. భార్య ఆస్తి భర్తదే అని చట్టం. జప్తు అధికారులలో ఒకడు పేరుమోసిన చిత్రకారుడు పీల్. ఆయన మనుషులతో వచ్చి ఆమెను ఆమె ఇంట్లోనుంచే బయటకు పంపినాడు. తరువాత నాలుగేండ్లు ఆమె ఆ ఊళ్ళోనే పరుల ఇంట గదిలో ఉండి 1782లో కన్నుమూసినది. మొగుడిని గాని కూతురిని గాని మళ్ళీ చూడలేదు.

1780 అక్టోబరు 7న కరొలైనా సరిహద్దులో కింగ్స్ మౌంటెన్ అనే గుట్ట మీద గంటసేపు యుద్ధం జరిగినది. ఒక్కొక్క పక్షాన ఇంచుమించు వెయ్యి మంది. రాజు పక్షం సేనాని ఫెర్గూసన్ ఒక్కడు స్కాట్లండువాడు, తక్కినవారు రెండువైపులా అమెరికా వారే. ఫెర్గూసన్ చచ్చినాడు, ఆయన సేన ఓడినది. వారం తరువాత ఖైదీలలో 9 మందిని ఉరితీసినారు. దీనిని మనం ఇంగ్లండుకూ అమెరికాకూ జరిగిన యుద్ధమని చదువుకొంటున్నాము!

బానిసల సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. 1775 నవంబరులో వర్జీనియా గవర్నరు డన్మోర్, తిరుగుబాటుదారుల బానిసలలో తన సేనలో చేరినవారికి విముక్తి అని చాటింపు వేసినాడు. దయతో కాదు, యుద్ధ తంత్రంతో. అయినా వేలకు వేలు పారిపోయి వచ్చినారు. వారికి రాజే స్వాతంత్ర్యం. వాషింగ్టన్‌గారి ఎస్టేటు నుంచి పారిపోయిన హ్యారీ అనేవాడు వారిలో ఒకడు. యజమాని ఇంటిపేరే పెట్టుకొని హ్యారీ వాషింగ్టన్ అయినాడు. 1783లో వాషింగ్టన్ స్వయంగా ఇంగ్లీషు సేనాధిపతి కార్లెటన్‌ను కలుసుకొని, మా బానిసలను మాకు అప్పగించండి అని అడిగితే, మాట ఇచ్చినాము, తప్పము అని కార్లెటన్ కాదన్నాడు. సుమారు 3,000 మంది పేర్లు ఒక రిజిస్టరులో వ్రాసి ఓడలెక్కించి నోవాస్కోషియాకు పంపినారు. అక్కడి చలికీ, అందని భూములకూ విసిగి 1792లో సుమారు 1,200 మంది ఆఫ్రికాలోని సియెర్రా లియోనె చేరినారు. హ్యారీ కూడా వెళ్ళినాడు. 1800లో అక్కడి ఇంగ్లీషు కంపెనీ వేసిన భూమి శిస్తు మీద తిరుగుబాటు జరిగితే, అందులో చేరి ప్రవాస శిక్ష పొందినాడు. పన్ను మీద తిరగబడిన వాషింగ్టన్‌లు ఇద్దరన్నమాట.

ఇరోక్వా ఆరు జాతుల సమాఖ్య కూడా ఈ యుద్ధంలోనే చీలినది. మోహాకులు మొదలైన నాలుగు జాతులలో ఎక్కువమంది రాజుతో, ఒనైడా, టస్కరోరా జాతులవారు ఎక్కువగా అమెరికా వారితో నిలిచినారు. 1777 ఆగస్టులో ఒరిస్కనీ దగ్గర వారిలో వారే పొడుచుకొన్నారు. 1783 సంధిలో వారి ఊసే లేదు. వారి భూమి మాత్రం చేతులు మారినది.

ఈ యుద్ధపు సెగ మన తీరానికీ తగిలినది. 1778లో ఫ్రాన్సు అమెరికాతో చేతులు కలపగానే ఇక్కడ ఇంగ్లీషువారు పాండిచేరిని ముట్టడించి పట్టినారు. యానాం కూడా వారి వశమై, 1783 సంధి పిమ్మటనే ఫ్రెంచివారికి తిరిగి వచ్చినది. 1781 అక్టోబరు 19న యార్క్‌టౌనులో కత్తి అప్పగించిన సేన అధిపతి కార్న్‌వాలిసు, 1786లో గవర్నర్ జనరలై కలకత్తాలో దిగినాడు. ఆయన 1793లో బెంగాలులో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతే 1802 నుంచి గంజాం మొదలుకొని ఉత్తర సర్కారులకు వచ్చి, మన తాతముత్తాతల కొలతలూ బాకీలూ నిర్ణయించినది. యార్క్‌టౌనులో ఆయన, తనతో నిలిచిన అమెరికా వారిని శిక్షించకూడదని ఒక షరతు అడిగినాడు. వాషింగ్టన్ ఒప్పుకోలేదు. ఒక ఓడను మాత్రం సోదా లేకుండా పోనిచ్చినారు, ఎక్కగలిగినవారు ఎక్కినారు.

యుద్ధం ముగిసేటప్పటికి సుమారు 60,000 మంది రాజభక్తులు దేశం విడిచినారు. సగానికి పైగా నోవాస్కోషియాకు పోయినారు. 1784లో వారికోసమే న్యూ బ్రన్స్‌విక్ అనే కొత్త వలసను వేరుచేసినారు. లండను చేరినవారి గతి వేరు. జన్మంతా 'హోము' అని కలవరించిన ఊరికి వచ్చి చూస్తే అక్కడ వారు పరాయివారు, అమెరికా వారు. నష్టపరిహారం కోసం 3,000కు పైగా అర్జీలు పడినవి. ఎన్ని ఎకరాలు, ఎన్ని పశువులు, ఎన్ని కుర్చీలు పోయినవో సాక్ష్యాలతో చూపించవలె. చివరకు సుమారు 30 లక్షల పౌండ్లు పంచినారు. హచిన్‌సన్ గవర్నరుకు ఆ అవస్థ రాలేదు; 1774లోనే వచ్చి 1780లో లండనులో పోయినాడు. తాను వ్రాసిన మసాచుసెట్స్ చరిత్రలో బురద అంటిన కాగితాలు ఆయన దగ్గర ఉండేవి. 1765లో గుంపు ఇల్లు దోచిన రాత్రి వీధిలో పారవేసినవి. మిల్టనులోని తన తోటకు తిరిగి వెళ్ళాలని ఆఖరువరకు అనుకొన్నాడు.

సంధి మాటలలో రాజభక్తుల ఆస్తులు తిరిగి ఇవ్వాలని ఇంగ్లండు పట్టుపట్టినది. ససేమిరా అన్నవాడు ఫ్రాంక్లిన్. ఆస్తులు తిరిగి ఇవ్వవలసిందని కాంగ్రెసు ఆయా రాష్ట్రాలకు సిఫారసు చేస్తుందని ఒక వాక్యం వ్రాసి ఊరుకొన్నారు. సిఫారసును లెక్కచేసినవారు తక్కువ.

విలియం 1782లోనే లండను చేరినాడు. 1784లో తండ్రికి ఉత్తరం వ్రాసినాడు: పాత ప్రేమ మళ్ళీ చిగురించాలని కోరుతూ, తాను చేసినది తన ధర్మమని నమ్మి చేసినానంటూ. తండ్రి జవాబిచ్చినాడు. వార్ధక్యంలో ఒక్కగానొక్క కొడుకు విడిచిపోవడమే గాక కత్తి పట్టి ఎదుట నిలవడం కంటె తన్ను బాధించినది లేదన్నాడు. రాజకీయాలకు ముందు పుట్టిన ధర్మాలు కొన్ని ఉన్నవని కూడా అన్నాడు. ఆ ధర్మం కొడుకుకు మాత్రమేనా, తండ్రికి లేదా అని మాకు అడగాలనిపిస్తుంది.

1785 జూలైలో తండ్రి పారిస్ నుంచి స్వదేశానికి పోతూ ఇంగ్లండులో సౌతాంప్టన్ రేవులో నాలుగు రోజులు ఆగినాడు. విలియం వచ్చి కలిసినాడు. అక్కడ జరిగినది ఎక్కువగా లెక్కల వ్యవహారం. విలియంకు అమెరికాలో మిగిలిన భూములను టెంపుల్ పేర రాయించుకొని, తండ్రికి ఉన్న పాత బాకీ అందులో తగ్గించినారు. తరువాత తండ్రీ మనుమడూ ఓడ ఎక్కినారు. తండ్రీ కొడుకులు మళ్ళీ కలుసుకోలేదు.

ఫ్రాంక్లిన్ 1790 ఏప్రిల్‌లో మరణించినాడు. వీలునామాలో విలియంకు, అప్పటికే ఆయన దగ్గర ఉన్న పుస్తకాలూ కాగితాలూ ఆయనకే వదలినాడు. గత యుద్ధంలో నాకు ఎదురుగా నిలిచినందువల్ల ఇంతకు మించి ఇవ్వలేదని కారణం వ్రాయించినాడు. కొంచెం భూమి కూడా ఇచ్చినాడు. ఆ భూమి నోవాస్కోషియాలో ఉన్నది.